నది ఒడ్డున పడుకోబెట్టే ముందు నది సంగతి చెప్పండి

ఆఫ్రికా సఫారీ టూర్లు నడుపుతున్న తెలుగు ట్రావెల్ ఏజెంట్లకు, వారికి నైరోబీ నుంచి క్యాంపులు కుదిర్చిపెట్టే వారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. జీవితంలో ఒక్కసారి కూడా విమానం ఎక్కని వాళ్ళని సైతం మీరు కెన్యాలోని మసాయి మారా అభయారణ్యం దాకా తీసుకెళ్ళి సింహాన్ని చూపించి తీసుకొస్తున్నారు. అందుకు కృతజ్ఞతలు. ఇక విషయానికి వస్తాను, ఎందుకంటే నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇది కాదు. మమ్మల్ని తీసుకెళ్ళిన ఏజెంటు గారికి మూడు మెయిల్స్ పెట్టాను, రెండు రిజిస్టర్డ్ పోస్టులు పంపాను, ఒకసారి బస్సెక్కి హైదరాబాద్ వెళ్ళి ఆఫీసులో కూర్చున్నాను. మా క్యాంపు అంతకుముందు ఏడాది వరదలో మునిగిందని మమ్మల్ని పంపే రోజుకి మీకు తెలుసా అని అడిగాను. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు రాలేదు. తర్వాతి టూర్‌లో డిస్కౌంట్ ఇస్తామన్నారు. నేను అడిగింది డిస్కౌంట్ కాదు.

ఆ ఏజెంటు పేరు, క్యాంపు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇది ఒక్కరి తప్పు అయితే వాళ్ళతోనే తేల్చుకునేవాణ్ణి. తిరిగొచ్చాక తెలిసినవాళ్ళ దగ్గర ఆరు వేర్వేరు టూర్ల బ్రోచర్లు తెప్పించుకుని చదివాను. ఆరింటిలోనూ 'నది ఒడ్డున అద్భుతమైన బస' అని ఉంది. ఆ నది ఎలాంటిదో ఒక్కదానిలోనూ లేదు.

నాది ధవళేశ్వరం. నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్ళు పని చేసి రిటైరయ్యాను. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరినప్పుడు నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. రాత్రంతా ఏటిగట్టు మీద ఇసుక బస్తాలు వేయించాను. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. నది విషయంలో అనవసరంగా కంగారుపడే మనిషిని కాదని మీకు తెలియడం కోసం చెబుతున్నాను.

2025 ఏప్రిల్ ఆఖరి వారంలో పదకొండు మందిమి కెన్యా వెళ్ళాం. అందరం అరవై దాటినవాళ్ళమే. మా పెద్దక్కకి డెబ్బై నాలుగు, రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. 'ఆఫ్ సీజన్ రేటు, సగానికి సగం తక్కువ' అన్నారు. ఎందుకు ఆఫ్ సీజనో మేమూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

క్యాంపు తాలెక్ నది ఒడ్డున ఉంది. మారా నదికి అది ఉపనది, మసాయి మారా రిజర్వు అంచునే పారుతుంది. ముందు ఆ క్యాంపు గురించి మంచే చెప్పాలి. చెక్క దిమ్మ మీద కాన్వాస్ డేరా, లోపల రెండు మంచాలు, ఒక లాంతరు. సోలార్ కరెంటు రాత్రి పదికి ఆగిపోయేది. సాయంత్రం ఒక కుర్రాడు కట్టెల పొయ్యి మీద కాగిన వేణ్ణీళ్ళు బకెట్లో తెచ్చి, డేరా వెనక కప్పీ మీద తాడేసి పైకి లాగేవాడు. లోపల నిలబడి గొలుసు లాగితే జల్లుగా పడేవి. ఒక బకెట్టే, సబ్బు రాసుకునేటప్పుడు గొలుసు వదిలెయ్యాలి. వాళ్ళ అమ్మమ్మ గారింట్లో పెరట్లో కాగు దగ్గర స్నానం గుర్తొచ్చిందని మా ఆవిడ సంబరపడిపోయింది. రాత్రిళ్ళు నీటిగుర్రాల అరుపు. బొంగురు గొంతు పెద్దమనిషి ఆపి ఆపి నవ్వుతున్నట్టు ఉంటుంది. మొదటి రోజు భయపడ్డాం, రెండో రోజుకి అది లేకపోతే నిద్ర పట్టలేదు. మాకు సిమెంటు గదులు వద్దు, ఏసీలు వద్దు. ఆ సాదాతనం కోసమే అంత దూరం వెళ్ళాం. ఈ ఉత్తరం దానికి వ్యతిరేకం అనుకోకండి.

రెండో రోజు టీ తాగుతూ భోజనాల పాకలో కూర్చున్నాను. ఎదురుగా ఉన్న స్తంభానికి కొత్తగా రంగు వేశారు. ఆ రంగు కింద నుంచి, సరిగ్గా నా ఛాతీ ఎత్తున, అడ్డంగా ఒక మట్టి చార కనబడుతోంది. పక్క స్తంభం చూశాను, అక్కడా అదే ఎత్తు. నాలుగు స్తంభాలూ చూశాను. మా శాఖలో ఎవరికైనా ఆ చార ఏమిటో చెప్పక్కర్లేదు. వంటాయన్ని చెయ్యి పెట్టి చూపించి అడిగితే, 'లాస్ట్ ఇయర్, వాటర్' అని తన మెడ దాకా చెయ్యి ఎత్తి చూపించాడు.

మూడో రోజు సాయంత్రం మా దగ్గర చినుకు లేదు, తూర్పున కొండల మీద మాత్రం నల్లగా పట్టింది. అయిదింటికి నది రంగు మారింది. పొద్దుట టీ రంగులో ఉన్న నీళ్ళు ఇటుక రంగుకి తిరిగాయి. పైన నురగ, పుల్లాపుడకా కొట్టుకొస్తున్నాయి. గోదారి జిల్లాల్లో చిన్నపిల్లాడు కూడా ఎర్రనీరు వచ్చిందంటాడు. మేనేజరు గారికి చెప్పాను. మర్యాదగానే విన్నారు, 'హకూనా మటాటా, ఏం ఫర్వాలేదు' అన్నారు. అక్కడే నిలబడి ఉన్న రాత్రి కాపలా మనిషి మాత్రం నా వంక చూశాడు. ఆస్కారీ అంటారు వాళ్ళని. ఎర్రటి శుకా దుప్పటి కప్పుకున్న మసాయి తెగ పెద్దాయన, నాకన్నా రెండు మూడేళ్ళు పెద్ద ఉంటాడు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకి రాదు. నేను ఒక పుల్ల విరిచి నీటి అంచున గుచ్చాను. ఆయన తలూపి, దానికి ఒక జానెడు పైన ఇంకో పుల్ల గుచ్చాడు. తొమ్మిదింటికి టార్చ్ వేసుకుని వెళ్ళి చూస్తే రెండు పుల్లలూ లేవు.

అర్ధరాత్రి దాటి ఒకటిన్నరకి ఆయనే గిన్నె మీద గరిటెతో వాయిస్తూ డేరా డేరాకీ తిరిగి లేపాడు. ఆ క్యాంపులో సైరన్ లేదు, విజిల్ లేదు. ఏ డేరాలో ఎవరున్నారో రాసుకున్న కాగితం లేదు. ఎటు వెళ్ళాలో మాకు ఎవరూ ముందు చూపించలేదు. వరదకి నీటిగుర్రాలు కూడా గట్టెక్కి ఎక్కడున్నాయో తెలియని చీకట్లో మూడు వందల గజాలు మిట్టకి నడిచాం. మా అక్కని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు వెయిటర్లు మోసుకొచ్చారు. ఒకతని కాలికి చెప్పుల్లేవు. తెల్లారే దాకా సఫారీ బండ్లలో కూర్చున్నాం. నీళ్ళు మా డేరా మెట్ల దాకా వచ్చి ఆగాయి. కింది వరసలో ఖాళీగా ఉన్న రెండు డేరాలు దిమ్మలతో సహా పోయాయి. ఆ రెండింటిలో ఒకటి మొదటి రోజు మా అక్కకి ఇచ్చారు. మెట్లు ఎక్కువగా ఉన్నాయని మేమే మార్పించుకున్నాం.

ఇదే నా ప్రశ్నకి మూలం. వాన పడటం, నది పొంగడం ఎవరి తప్పూ కాదు. కానీ ఏడాది ముందే అక్కడ ఏం జరిగిందో లోకమంతా చూసింది. 2024 మార్చి నుంచి మే దాకా కెన్యాలో వచ్చిన వరదలకి రెండు వందల యాభై మందికి పైగా చనిపోయారు. ఏప్రిల్ 29 తెల్లవారుజామున మాయి మహియు అనే ఊరి దగ్గర నీళ్ళు ఒక్కసారిగా విరుచుకుపడి ఊళ్ళకి ఊళ్ళు కొట్టుకుపోయాయి. నైరోబీ నుంచి నారోక్ పట్టణం మీదుగా మారాకి వెళ్ళే మీ బండ్లు సాధారణంగా ఆ మాయి మహియు మీదుగానే వెళతాయి. రెండు రోజులకి, మే 1న, తాలెక్ నది పొంగి పదికి పైగా టూరిస్టు క్యాంపులు మునిగాయి. కెన్యా రెడ్‌క్రాస్ వాళ్ళు హెలికాప్టర్లలో కొందరిని, నేల మీద నుంచి కొందరిని, మొత్తం తొంభై మంది దాకా బయటకి తెచ్చారు. నదుల పక్కన ఉన్న హోటళ్ళు, క్యాంపులు జాగ్రత్తపడాలని అక్కడి ప్రభుత్వమే ఆదేశాలిచ్చింది. ఇదంతా పేపర్లలో వచ్చింది, టీవీల్లో చూపించారు. ఏడాది తిరిగేసరికి అదే నది, అదే వానాకాలం, అదే ఒడ్డు మాకు 'ఆఫ్ సీజన్ ఆఫర్' పేరుతో అమ్మారు.

నది పుట్టుక గురించి కూడా రెండు మాటలు రాయాలి. మారా నది మావు కొండల అడవుల్లో పుడుతుంది. న్యాంగోరెస్, అమాలా అనే రెండు పాయలు కలిసి మారా అవుతుంది. దాదాపు 395 కిలోమీటర్లు పారి టాంజానియాలో విక్టోరియా సరస్సులో కలుస్తుంది. ఆ పై అడవిని కొన్ని దశాబ్దాలుగా పొలాల కోసం నరుకుతూ వచ్చారు. చెట్టు లేని కొండ నీటిని పట్టి ఉంచదు. వాన పడగానే వదిలేస్తుంది, ఎండాకాలం ఎండగడుతుంది. తాలెక్ అయితే ఇంకా చిన్న నది. వానల్లేని నెలల్లో అక్కడక్కడా మడుగులు తప్ప పారకం కూడా ఉండదు, అందుకే ఫోటోల్లో అంత అమాయకంగా కనబడుతుంది. గోదావరికి ఎగువన వాన పడితే మనకి రోజుల ముందు తెలుస్తుంది. ఇలాంటి వాటికి గంటలే. మన మన్యం కొండవాగుల దగ్గర పని చేసినవాళ్ళని అడగండి, ఏ నదికి భయపడాలో వాళ్ళు చెబుతారు.

'ఇవన్నీ ప్రకృతి వైపరీత్యాలు, మా టర్మ్స్‌లో ఉంది' అని మా ఏజెంటు గారు అన్నారు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు మా జిల్లాలో అందరం ఆ మాట విన్నాం. గోదారి వరద మీద ఉందని తెలిసీ పడవ కదిలింది. పదుల మంది పోయారు. ఒడ్డున కూర్చుని శవాల కోసం ఎదురుచూసిన వాళ్ళకి ఆ మాట చెప్పి చూడండి.

అందుకే ఈ కింది విషయాలు మీ ముందు పెడుతున్నాను.

1. వానాకాలాన్ని వానాకాలం అని రాయండి. కెన్యాలో మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబర్ ఆఖరు నుంచి డిసెంబర్ దాకా చిన్న వానలు. తక్కువ రేటుకి అమ్మడం తప్పు కాదు. వానల్లో మారా పచ్చగా ఉంటుంది, జనం తక్కువ, ఇష్టపడి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. రేటు పక్కనే కారణం కూడా తెలుగులో, అదే సైజు అక్షరాల్లో ఉండాలి. లక్షల్లో వచ్చే వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింకజాతి జంతువుల మందలు నది దాటే దృశ్యం సాధారణంగా జులై నుంచి అక్టోబర్ దాకా కనబడుతుంది. ఏప్రిల్ టూర్ బ్రోచర్ మీద ఆ ఫోటో వేయకండి.

2. ఒడ్డు నుంచి ఎంత దూరం అన్నది కాదు, నీటి మట్టానికి ఎంత ఎత్తు అన్నది అడగండి. కెన్యా జలవనరుల నిబంధనల్లో నది గట్టు వెంట, నది వెడల్పుని బట్టి 6 మీటర్ల నుంచి 30 మీటర్ల దాకా వదిలెయ్యాలని ఉంది. 'మేం రూల్ ప్రకారమే ఉన్నాం' అని క్యాంపు వాళ్ళు అంటే మీరు సరే అని ఊరుకుంటున్నారు. పల్లపు నేల మీద 30 మీటర్లు అంటే వరదకి ఎంతసేపు? గట్టు నిటారుగా ఉన్నచోట పది మీటర్ల దూరంలో ఉన్న డేరా క్షేమంగా ఉండొచ్చు, చదునుగా ఉన్నచోట వంద మీటర్లలో ఉన్నది మునగొచ్చు. మీరు క్యాంపుతో ఒప్పందం చేసుకునేటప్పుడు మూడే మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: ఇప్పటిదాకా వచ్చిన అతిపెద్ద వరద ఎక్కడిదాకా వచ్చింది? ఏ డేరాలు మునిగాయి? 2024 తర్వాత ఏం మార్చారు? ఆ జవాబు మాకు ఇవ్వండి. అది చదివాక కూడా వెళ్ళాలనుకుంటే ఆ బాధ్యత మాది.

ఒక చిన్న మాట. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. లంకల్లో చదువు రాని ముసలమ్మకి కూడా ఏ హెచ్చరికకి గొడ్లు విప్పాలో, ఏ హెచ్చరికకి ఇల్లు వదలాలో తెలుసు. క్యాంపు దగ్గర అంత పెద్ద వ్యవస్థ అక్కర్లేదు. గట్టున ఒక కర్ర పాతి పచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేస్తే చాలు. రంగు డబ్బాకి ఎంతవుతుంది?

3. మొదటి సాయంత్రమే పది నిమిషాలు కేటాయించండి. మిట్ట ఎక్కడుంది, ఏ దారిన వెళ్ళాలి, ఎవరు లేపుతారు, ఎలాంటి చప్పుడు వస్తే లేవాలి. ప్రతి డేరాలో విజిల్, పని చేసే టార్చ్ ఉండాలి. ఏ డేరాలో ఎవరున్నారో కాగితం మీద ఉండాలి. నడవలేని వాళ్ళకి మిట్ట మీద ఉన్న డేరాలే ఇవ్వాలి, నది కనబడకపోయినా సరే.

4. ఆ క్యాంపులకి కంచె ఉండదని ముందే చెప్పండి. మాలో సగం మందికి అక్కడ దిగేదాకా తెలియదు. చీకటి పడ్డాక ఆస్కారీ లేకుండా డేరా దాటకూడదు. నీటిగుర్రం పగలంతా నీళ్ళలో ఉండి రాత్రి గట్టెక్కి మేస్తుంది. దానికీ నీళ్ళకీ మధ్య మనిషి నిలబడితే అది తప్పుకోదు, మీదికొస్తుంది, మనకన్నా వేగంగా పరుగెత్తుతుంది. నది అంచున కూర్చుని ఫోటో దిగకూడదు, మొసళ్ళుంటాయి. తినేవి డేరాలో పెట్టుకోకూడదు. మన వాళ్ళు ఊరు దాటితే ఆవకాయ, జంతికలు, సున్నుండలు లేకుండా వెళ్ళరని మీకు తెలుసు. మా బావగారి డేరాలో జంతికల డబ్బా కోసం పట్టపగలు కోతి జిప్పు తీసి లోపలికొచ్చింది. అది కోతి కాబట్టి సరిపోయింది.

5. ఆరోగ్యం. ఇక్కడ మీరు చేస్తున్న పొరపాటు నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించింది. 'ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్ చేయించుకుని కార్డు తెండి' అని వాట్సాప్‌లో ఒక్క లైను పెడతారు. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ కార్డు లేకపోతే మన ఎయిర్‌పోర్టులో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు కాబట్టి కార్డు కావాల్సిందే. కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. కానీ అరవై దాటినవాళ్ళకి మొదటిసారి ఆ టీకా వేసేటప్పుడు తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా ఎక్కువ. చాలా అరుదే, అయినా డాక్టరు ముందుగా చూసి నిర్ణయించాల్సిన విషయం. మీ కస్టమర్లలో ఎక్కువ మంది ఆ వయసు వాళ్ళే. అడ్వాన్స్ కట్టించుకోక ముందే ఈ మాట చెప్పాలి, కట్టించుకున్నాక కాదు.

మలేరియా సంగతి అయితే ఎవరూ ఎత్తనే లేదు. మారా ఎత్తైన ప్రదేశమే అయినా అక్కడ మలేరియా ఉంది. వెళ్ళే ముందే మొదలుపెట్టి, వచ్చాక కూడా కొన్నాళ్ళు వాడాల్సిన మాత్రలు ఉంటాయి. మాలో ఒకాయనకి ఇంటికొచ్చిన పన్నెండో రోజున జ్వరం వచ్చింది. వైరల్ అనుకుని నాలుగు రోజులు మందులు వాడారు. ఆఫ్రికా వెళ్ళొచ్చానని డాక్టరుకి చెప్పాలని ఆయనకి తెలియదు. ఎవరో ఒకరు చెప్పి ఉంటే తెలిసేది. అయిదో రోజు రక్తపరీక్షలో ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన మలేరియా అని తేలింది, వారం ఆసుపత్రిలో ఉన్నారు. ఇప్పుడు బాగానే ఉన్నారు. ఆ వారం వాళ్ళ ఇంట్లో పడ్డ టెన్షన్ నేను చూశాను.

క్యాంపులో గుండెనొప్పి వస్తే? నారోక్ దాకా రోడ్డు మీద గంటలు పడుతుంది. నైరోబీ నుంచి ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్ల అంబులెన్సు విమానం వస్తుంది. కానీ మట్టి ఎయిర్‌స్ట్రిప్‌లో రాత్రిపూట, జోరువానలో దిగడం కుదరకపోవచ్చు. విమానంలో తరలించే ఖర్చు మా ఇన్సూరెన్సులో ఉందో లేదో మాలో ఒక్కరికీ తెలియదు. పాలసీ తీసింది మీరే. ఆ ఒక్క లైను చదివి చెప్పండి.

6. పారే వాగులోకి బండి దింపమని డ్రైవర్‌ని ఒత్తిడి చేయకండి. 'టైం అయిపోతోంది, ఇవాళ చిరుత కనబడకపోతే కస్టమర్లు గొడవ చేస్తారు' అని మీ కోఆర్డినేటర్ ఫోన్లో తొందరపెట్టడం నా చెవులతో విన్నాను. డ్రైవర్ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలో నడిచి లోతు చూసి, వెనక్కి తిప్పేశాడు. ఆ అబ్బాయికి నేను చేతులెత్తి దణ్ణం పెట్టాను. మన దగ్గర ప్రతి వానాకాలం లో లెవెల్ కాజ్‌వేల మీద కార్లు కొట్టుకుపోయిన వార్త లేకుండా గడవదు. ఆ ప్రాణం కన్నా చిరుత ఎక్కువ కాదని మీరు రాసి ఇస్తే డ్రైవర్ ధైర్యంగా వెనక్కి తిప్పగలుగుతాడు.

7. పనివాళ్ళు. తెల్లారాక చూశాను, సిబ్బంది పడుకునే రేకుల షెడ్లు వంటపాక వెనక, మా డేరాలకన్నా పల్లంలో ఉన్నాయి. మమ్మల్ని మిట్టకి చేర్చే పనిలో ఉండి వాళ్ళు తమ సామాను తీసుకోలేదు. దుప్పట్లు, ఫోన్లు, గుర్తింపు కార్డులు, ఒకమ్మాయి కూతురి స్కూలు ఫీజు కోసం దాచుకున్న డబ్బు, అన్నీ పోయాయి. మా అక్కని మోసిన కుర్రాడు మర్నాడు తడిసిన చొక్కాతోనే మాకు టీ పోశాడు. క్యాంపు మూసేశారు. మేం నైరోబీలో హోటల్‌కి మారిపోయాం. వాళ్ళకి మూసినన్నాళ్ళూ జీతం లేదని డ్రైవర్ చెప్పాడు. క్యాంపుతో మీరు రాసుకునే ఒప్పందంలో సిబ్బంది పడుకునే చోటు ఎక్కడో కూడా అడగండి. మూసివేత రోజులకి వాళ్ళకి కూలి ఇచ్చే క్యాంపులకే మమ్మల్ని పంపండి. రోజుకి వంద రూపాయలు ఎక్కువైనా మేం కడతాం. మేం పదకొండు మందిమి కొంత పోగుచేసి డ్రైవర్ ద్వారా పంపాం. అది ఒక నెలకే సరిపోతుంది.

8. డబ్బు లెక్కలు తేటగా చెప్పండి. 2024 నుంచి మసాయి మారా రిజర్వులో విదేశీ పెద్దలకి రోజుకి జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జులై నుంచి డిసెంబర్ దాకా 200 డాలర్లు. టికెట్ పన్నెండు గంటలకే. ప్యాకేజీలో అది ఎన్ని రోజులకి కట్టారో విడిగా చూపించండి. వరదకి క్యాంపు మూస్తే ఎంత వెనక్కి వస్తుందో డబ్బు కట్టకముందే చెప్పండి.

రెండు తెలుగు రాష్ట్రాల పర్యాటక శాఖల అధికారులకి కూడా ఒక విన్నపం. విదేశీ టూర్లు అమ్మేవాళ్ళు పై వివరాలు కస్టమర్ మాతృభాషలో రాసి సంతకం చేసి ఇవ్వాలని నియమం పెట్టండి. పడవ ప్రమాదం తర్వాత గోదారిలో బోట్లకి తనిఖీలు, కంట్రోల్ రూములు పెట్టగలిగారు. దీనికి కావలసింది ఒక కాగితమే.

అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి అమ్మానాన్నలకి షష్టిపూర్తి కానుకగా సఫారీ బుక్ చేస్తున్న పిల్లలూ, మీకూ ఒక మాట. ఫోటోలు చూసి బటన్ నొక్కేయకండి. పైన రాసిన ప్రశ్నలు మీరు ఫోన్ చేసి అడగండి. పెద్దవాళ్ళం మేం అడగలేం, పిల్లలు ఖర్చుపెట్టారు కదా అని నోరు మూసుకుని వెళ్ళిపోతాం.

ఏజెంట్లకి నా వైపు నుంచి నేను చేయగలిగింది ఇది. క్యాంపుని అడగాల్సిన ప్రశ్నలు ఒక పేజీ, కస్టమర్‌కి ఇవ్వాల్సిన సూచనలు ఒక పేజీ తెలుగులో తయారు చేశాను. ఎవరు అడిగినా ఉచితంగా ఇస్తాను, నా పేరు వేయక్కర్లేదు, మీ కంపెనీ పేరు వేసుకోండి. వచ్చే మార్చిలో మళ్ళీ పెద్ద వానలు మొదలవుతాయి. ఈలోగా మీలో ఎంతమంది ఆ రెండు పేజీలు వాడటం మొదలుపెట్టారో నాకు తెలియజేస్తే, వాళ్ళ పేర్లు నేనే పదిమందికీ చెబుతాను. నేను మళ్ళీ వెళ్ళాలనుకుంటున్నాను. మా అక్క కూడా వస్తానంటోంది, ఈసారి ఆగస్టులో, మిట్ట మీద డేరాలో.

మమ్మల్ని తీసుకెళ్ళిన ఏజెంటు గారికి వేసిన ప్రశ్న మాత్రం ఇంకా అలాగే ఉంది. మళ్ళీ అడుగుతున్నాను. ఆ క్యాంపు 2024లో మునిగిందని మమ్మల్ని పంపే రోజుకి మీకు తెలుసా, తెలియదా?

ఇట్లు,
ధవళేశ్వరం నుంచి,
నీటిపారుదల శాఖలో రిటైరయిన ఒక ఉద్యోగి,
తోటి ప్రయాణికులు పది మంది తరఫున కూడా